బాస్కెట్‌బాల్ మెట్టినిల్లు: కాన్సస్ యూనివర్సిటీ జట్టు గురుశిష్య పరంపర

అమెరికాలోని కాన్సస్ యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు 1898 నుంచి ఇప్పటిదాకా పూర్తిస్థాయి కోచ్‌లుగా పనిచేసినవాళ్ళు ఎనిమిది మందే. వాళ్ళలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువగా ఉన్నది ఒక్కరికే. 55 గెలుపులు, 60 ఓటములు. ఆ ఒక్కరి పేరు జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన మనిషి ఆయనే.

ఈ విషయాన్ని అక్కడివాళ్ళు సరదాగా చెప్పుకుంటారు. నిజానికి ఆ జట్టు చరిత్ర అర్థం కావాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఆ ఓటములకు కారణం చేతకానితనం కాదు, ఆటను నేర్పాల్సిన పనే లేదని నైస్మిత్ గట్టిగా నమ్మడం. ఆయన దగ్గర చదివినవాళ్ళేమో నేర్పడాన్నే వృత్తిగా మార్చారు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పెద్ద కోచ్‌ల పేర్లు తీసుకుని ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని వెనక్కి వెళితే, చాలా దారులు ఈ యూనివర్సిటీ ఉన్న లారెన్స్ అనే చిన్న ఊరికి చేరతాయి. ట్రోఫీల లెక్కలో కాన్సస్‌ను మించిన జట్లున్నాయి. ఇలాంటి వంశవృక్షం మాత్రం ఇంకో జట్టుకు లేదు.

ఆట పుట్టిల్లు వేరే చోట ఉంది. కెనడాలో పుట్టిన నైస్మిత్ 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువజన సంఘం) శిక్షణ పాఠశాలలో ఈ ఆట తయారుచేశారు. చలికాలంలో బయట ఆడలేక విసుగెత్తిపోయిన కుర్రాళ్ళకు గది లోపల ఆడుకోవడానికి ఏదో ఒకటి కావాలి. పీచు పండ్ల బుట్టలు రెండు, సాకర్ బంతి ఒకటి, 13 నియమాలు. అంతే. బుట్టలు బిగించిన బాల్కనీ నేల నుంచి పది అడుగుల ఎత్తులో ఉండేది. ఆ పది అడుగుల ఎత్తు ఈనాటికీ మారలేదు.

మన దగ్గరికి ఈ ఆట వచ్చింది కూడా ఆ వై.ఎం.సి.ఎ. దారిలోనే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్య పాఠశాల పెట్టారు. తెలుగు జిల్లాలు చాలావరకు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. మన బళ్ళలో బాస్కెట్‌బాల్ పోస్టు పాతిన డ్రిల్ మాస్టార్ల వెనుక ఉన్న పరంపర కూడా అదే.

నైస్మిత్ 1898లో కాన్సస్‌కు వచ్చింది బాస్కెట్‌బాల్ కోసం కాదు. ఆయనకు మతశాస్త్రంలో చదువుంది, వైద్యంలో డిగ్రీ ఉంది. యూనివర్సిటీలో ప్రార్థనలు నడిపించడానికీ, వ్యాయామ విద్య చెప్పడానికీ ఒకే మనిషి కావాలంటే వచ్చారు. జట్టు దాని వెంట తనంతట తానే తయారైంది. 1899 ఫిబ్రవరి 3న మొదటి మ్యాచ్‌లో కాన్సస్ సిటీ వై.ఎం.సి.ఎ. చేతిలో 16-5 తేడాతో ఓడింది. నైస్మిత్ కొన్ని మ్యాచ్‌లకు తానే రిఫరీగా నిలబడేవారు. గెలుపోటముల మీద ఆయనకు పెద్ద పట్టింపు లేదు. ఒళ్ళు గట్టిపడాలి, కుర్రాళ్ళు మర్యాదగా ఆడాలి. ఆయనకు ఆట అంటే అదే.

ఆయన జట్టులో ఆడిన ఫారెస్ట్ ఆలెన్‌కు పక్కనున్న బేకర్ యూనివర్సిటీ నుంచి కోచ్ ఉద్యోగం వచ్చినప్పుడు నైస్మిత్ నవ్వారట. ఈ ఆటకు కోచింగ్ ఏమిటి, ఆడుకోవడమే కదా అన్నారని చెబుతారు. ఆలెన్ వినలేదు. గురువు మాట కాదని వెళ్ళిన ఆ శిష్యుడే 1907లో గురువు స్థానంలోకి వచ్చాడు. రెండేళ్ళ తర్వాత తప్పుకుని, ఎముకలనూ కండరాలనూ చేత్తో సరిచేసే ఆస్టియోపతి వైద్యం చదివి, 1919లో మళ్ళీ వచ్చి 1956 దాకా ఉన్నాడు. కాన్సస్‌కు ఆయన గెలిపించిన మ్యాచ్‌లు 590. ఒకప్పుడు బేస్‌బాల్ అంపైర్‌గా అరిచిన అరుపులకు, పొగమంచులో ఓడలు మోగించే సైరన్‌తో పోల్చి ‘ఫాగ్’ అని పేరు పెట్టారు. అసలు పేరు మరుగున పడి ఫాగ్ ఆలెన్ మిగిలాడు.

ఆలెన్ చేసిన పని గెలుపులతో ఆగలేదు. 1927లో నియమాల కమిటీ డ్రిబ్లింగ్‌ను ఒక్క బౌన్స్‌కు కుదించాలని నిర్ణయిస్తే, ఆయన దేశంలోని కోచ్‌లందరినీ కూడగట్టి ఎదిరించాడు. అమెరికా బాస్కెట్‌బాల్ కోచ్‌ల జాతీయ సంఘం పుట్టింది అలాగే. ఈరోజు బంతిని నేలకు కొడుతూ కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయే ఆటగాళ్ళను చూస్తుంటే ఆ గొడవ ఎంత విలువైనదో తెలుస్తుంది. బాస్కెట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని ఏళ్ళ తరబడి పోరాడింది కూడా ఆలెనే. 1936లో బెర్లిన్‌లో అది జరిగింది. కోచ్‌ల సంఘం చందాలు పోగుచేసి ముసలి నైస్మిత్‌ను అక్కడికి పంపింది. ఫైనల్ ఆరుబయట, వానలో, బురదలో జరిగింది. అమెరికా 19, కెనడా 8. ఆయన పుట్టిన దేశం, ఆయన స్థిరపడిన దేశం, మధ్యలో ఆయన కనిపెట్టిన ఆట. మూడేళ్ళ తర్వాత ఆయన లారెన్స్‌లోనే కన్నుమూశారు.

ఇక్కడ ఇంకో శిష్యుడి గురించి చెప్పాలి. జట్టు చరిత్ర అంటే ఆడినవాళ్ళ జాబితాతో సరిపెట్టుకుంటే ఆయన పేరు రానే రాదు.

లారెన్స్ ఊరు పుట్టుకే ఒక పోరాటం. కాన్సస్ బానిసల రాష్ట్రం కాకూడదని పట్టుబట్టినవాళ్ళు 1854లో వచ్చి ఈ ఊరు కట్టారు. 1863లో బానిసత్వాన్ని సమర్థించే దండు ఊరిమీద పడి 150 మందికి పైగా చంపి, ఇళ్ళు తగలబెట్టింది. జట్టు పేరైన ‘జేహాక్’ కూడా ఆ పోరాట కాలం నాటి మాటే. ఇప్పుడది ఒక ఊహా పక్షి బొమ్మ. అప్పట్లో సరిహద్దులో బానిసత్వానికి వ్యతిరేకంగా తిరిగిన దళాలను అలా పిలిచేవారు. అలాంటి ఊళ్ళో, అలాంటి పేరు పెట్టుకున్న జట్టులో, 1951 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడికి కూడా చోటు దొరకలేదు. చుట్టుపక్కల యూనివర్సిటీలన్నీ కాగితం మీద రాయని ఒప్పందం ఒకటి పాటించేవి. కాన్సస్ కూడా పాటించింది.

జాన్ మెక్‌లెండన్ 1933లో ఆ యూనివర్సిటీలో చేరాడు. వాళ్ళ నాన్న కారులో తీసుకొచ్చి దించి, నైస్మిత్‌ను కలిసి మీరే నా సలహాదారు అని చెప్పమన్నాడు. కుర్రవాడు అలాగే చెప్పాడు. ఎవరు చెప్పారని నైస్మిత్ అడిగితే, మా నాన్న అన్నాడు. తండ్రుల మాట ఎప్పుడూ నిజమే, లోపలికి రా అన్నారాయన. వ్యాయామ విద్య డిగ్రీకి ఈత తప్పనిసరి. కానీ ఈతకొలను నల్లవాళ్ళకు నిషిద్ధం. మెక్‌లెండన్ పట్టుబట్టాడు, నైస్మిత్ అండగా నిలిచారు, కొలను తెరుచుకుంది. జట్టు తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆటను కనిపెట్టిన మనిషి దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్యార్థి, ఆ ఆటను తన యూనివర్సిటీ తరఫున ఒక్క నిమిషం కూడా ఆడలేకపోయాడు. నైస్మిత్ మంచితనం గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా, ఫాగ్ ఆలెన్ గొప్పతనం ఎంత తలచుకున్నా, ఈ లోటు పూడదు.

ఇంత జరిగినా మెక్‌లెండన్ ఆటను వదల్లేదు. నార్త్ కరోలినాలోని డరమ్‌లో నల్లజాతి కాలేజీకి కోచ్ అయ్యాడు. 1944 మార్చిలో ఒక ఆదివారం ఉదయం, ఊరంతా చర్చిలో ఉండే వేళ చూసి, ఆయన జట్టు డ్యూక్ వైద్య కళాశాల తెల్ల విద్యార్థుల జట్టుతో తలుపులు వేసుకుని రహస్యంగా ఆడింది. అలా కలిసి ఆడటం అప్పుడక్కడ చట్టవిరుద్ధం. స్కోరు 88-44, గెలుపు ఆయన జట్టుదే. ఆ తర్వాత రెండు జట్లవాళ్ళూ కలగలిసి ఇంకో ఆట ఆడారు. ఏళ్ళ తరబడి ఎవరూ నోరు మెదపలేదు. ఆయన జట్టు వేగంగా పరుగెత్తుతూ ఆడేది, కోర్టంతా వెంటాడి ఒత్తిడి పెట్టేది. ఈరోజు మనం టీవీలో చూసే ఆటకు అది బాగా దగ్గర. తర్వాత టెనెస్సీలో ఆయన జట్టు 1957, 1958, 1959ల్లో వరుసగా మూడు జాతీయ టైటిళ్ళు గెలిచింది. నైస్మిత్ శిష్యుల్లో ఆటను అందరికన్నా ముందుకు తీసుకెళ్ళింది మెక్‌లెండనే అనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి.

ఆలెన్ శిష్యుల సంగతికొస్తే, ఇద్దరి పేర్లు చాలు. 1923 జట్టులో ఉన్న అడాల్ఫ్ రప్ కెంటకీ యూనివర్సిటీకి వెళ్ళి 876 మ్యాచ్‌లు గెలిచాడు. 1952 జట్టులో బెంచీ మీద ఎక్కువసేపు కూర్చున్న డీన్ స్మిత్ నార్త్ కరోలినా యూనివర్సిటీకి వెళ్ళి 879 గెలిచి ఆ రికార్డును దాటేశాడు. మైకేల్ జోర్డాన్‌కు కాలేజీలో కోచ్ ఈ స్మిత్తే. ఇద్దరూ కాన్సస్ పిల్లలే, ఇద్దరూ పెద్ద ఆటగాళ్ళేం కాదు. ఆడటం కన్నా గమనించడం ఎక్కువ చేసినవాళ్ళు గొప్ప కోచ్‌లవుతారనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆ 1952 జట్టే కాన్సస్‌కు మొదటి ఎన్.సి.ఎ.ఎ. టైటిల్, అంటే అమెరికా కాలేజీల జాతీయ టోర్నమెంటు టైటిల్, తెచ్చింది. సియాటిల్‌లో జరిగిన ఫైనల్లో సెయింట్ జాన్స్‌ను 80-63తో ఓడించింది. క్లైడ్ లవెలెట్ ఒక్కడే 33 పాయింట్లు కొట్టాడు. దేశంలో అందరికన్నా ఎక్కువ పాయింట్ల సగటు సాధించిన సంవత్సరమే టైటిల్ కూడా గెలిచిన ఆటగాడు అతనొక్కడే. ఆ వేసవిలో హెల్సింకీలో స్వర్ణం గెలిచిన అమెరికా ఒలింపిక్ జట్టులో ఏడుగురు కాన్సస్ వాళ్ళే. మరుసటి ఏడాది ఫైనల్లో ఇండియానా చేతిలో ఒక్క పాయింటుతో ఓడారు. 1955 మార్చి 1న కొత్త ఇండోర్ స్టేడియం తెరిచి, ఇంకా పనిచేస్తున్న కోచ్ పేరే దానికి పెట్టారు. ఆలెన్ ఫీల్డ్‌హౌస్. మన దగ్గర ఇంటర్ యూనివర్సిటీ పోటీలను చూసేది తోటి విద్యార్థులే. అక్కడ పదిహేను వేలకు పైగా జనం పట్టే హాలు నిండిపోతుంది. ‘రాక్ చాక్, జేహాక్, కె.యు.’ అని సాగదీసి పాడే ఆ నినాదం 1886లో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ తయారుచేసింది. అంటే ఆట కన్నా అయిదేళ్ళు పెద్దది.

ఆలెన్ చివరిగా పట్టుబట్టి తీసుకొచ్చిన ఆటగాడు ఫిలడెల్ఫియా కుర్రాడు విల్ట్ చాంబర్లిన్. ఏడు అడుగుల ఒక అంగుళం. ఆ రోజుల్లో మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. ఆ ఏడాది పూర్తయ్యేసరికి ఆలెన్‌కు 70 ఏళ్ళు నిండాయి. యూనివర్సిటీ రిటైర్మెంట్ నియమాన్ని సడలించలేదు. జీవితమంతా ఎదురుచూసిన ఆటగాడు చేతికొచ్చిన సమయానికి కోచ్ ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన సహాయకుడు డిక్ హార్ప్ పగ్గాలు అందుకున్నాడు.

1956 డిసెంబరు 3న చాంబర్లిన్ మొదటి మ్యాచ్‌లోనే 52 పాయింట్లు, 31 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) సాధించాడు. ఆ సీజన్లో జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. దారి సుఖంగా సాగలేదు. డాలస్‌లో జరిగిన ప్రాంతీయ పోటీల్లో నల్లజాతి ఆటగాళ్ళున్న జట్టుకు ఊళ్ళో హోటల్ దొరక్క బయట దిగాల్సి వచ్చింది. గ్యాలరీల నుంచి బూతులు తిన్నారు. చాంబర్లిన్ ఇలాంటివాటికి తలవంచే రకం కాదు. లారెన్స్ చుట్టుపక్కల నల్లవాళ్ళకు తిండి పెట్టని హోటళ్ళకు కావాలనే వెళ్ళి కూర్చునేవాడినని తర్వాత చెప్పుకున్నాడు.

1957 మార్చి 23, కాన్సస్ సిటీ. ఎదురుగా నార్త్ కరోలినా, అప్పటికి 31 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడని జట్టు. ఆట మొదట్లో బంతిని పైకెగరేసే జంప్‌బాల్‌కు వాళ్ళ కోచ్ ఫ్రాంక్ మెక్‌గ్వయర్, ఆరడుగులు కూడా లేని టామీ కెర్న్స్‌ను చాంబర్లిన్ ముందుకు పంపాడు. బంతి ఎలాగూ దొరకదు, కనీసం వాళ్ళ తలలో గందరగోళం పుట్టించాలని ఎత్తు. ఆట మొదలయ్యాక చాంబర్లిన్‌ను ముందొకరు, వెనకొకరు కమ్ముకుని నిలబడ్డారు. ఇప్పట్లా షాట్ క్లాక్ లేదు కాబట్టి బంతిని ఎంతసేపైనా అట్టిపెట్టుకోవచ్చు. స్కోర్లు సమమయ్యాయి. ఒక ఓవర్‌టైమ్, రెండోది, మూడోది. అది ముగియడానికి ఆరు సెకన్లుండగా నార్త్ కరోలినా ఆటగాడు జో క్విగ్ రెండు ఫ్రీత్రోలు వేశాడు. 54-53. ఫైనల్ నాలుగు జట్ల ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన చాంబర్లిన్‌కే ఇచ్చారు.

ఆ ఒక్క పాయింటు చాంబర్లిన్‌ను ఎంత వెంటాడిందో తర్వాత గానీ తెలియలేదు. మరో సీజన్ ఆడి, ముగ్గురేసి మనుషులు చుట్టుముట్టే ఆటతో విసిగి, డిగ్రీ పూర్తి చేయకుండానే 1958లో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రొఫెషనల్ ఆటలో ఒకే మ్యాచ్‌లో వంద పాయింట్లు కొట్టాడు. లారెన్స్‌కు మాత్రం దూరంగానే ఉండిపోయాడు.

హార్ప్ తర్వాత టెడ్ ఓవెన్స్ 19 ఏళ్ళు నడిపాడు. 1971లో, 1974లో ఆఖరి నాలుగు జట్లలోకి చేరారు. అసలు కథ మళ్ళీ 1983లో మొదలైంది. లారీ బ్రౌన్ వచ్చాడు. ఆయన నార్త్ కరోలినాలో డీన్ స్మిత్ దగ్గర ఆడినవాడు. లారెన్స్‌లో బెంచీ మీద కూర్చుని స్మిత్ నేర్చుకున్న విద్య, ముప్పై ఏళ్ళు బయట తిరిగి శిష్యుడి రూపంలో ఇల్లు చేరిందన్నమాట. ఆయన వారసుడు రాయ్ విలియమ్స్ పదేళ్ళు స్మిత్‌కు సహాయకుడు. ఇప్పటి కోచ్ బిల్ సెల్ఫ్, 1985-86లో ఇదే కాన్సస్‌లో బ్రౌన్ దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు. నైస్మిత్ నుంచి ఆలెన్, ఆలెన్ నుంచి స్మిత్, స్మిత్ నుంచి బ్రౌన్, బ్రౌన్ నుంచి సెల్ఫ్. నూటపాతికేళ్ళకు అయిదు తరాలు. కర్ణాటక సంగీతంలో త్యాగరాజ శిష్య పరంపరను వేళ్ళ మీద లెక్కపెట్టే మన పాఠకులకు ఈ ఆనందం వేరే చెప్పక్కర్లేదు.

1988 జట్టు ఆ సీజన్లో 11 మ్యాచ్‌లు ఓడింది. అన్ని ఓటములతో టైటిల్ గెలిచిన జట్టు ఇంకొకటి లేదు. ఫైనల్లో ఎదురైన ఓక్లహామా ఆ ఏడాది అప్పటికే వాళ్ళను రెండుసార్లు ఓడించింది. సగం ఆటకు 50-50. ఆ వేగంలో తన జట్టు నిలవలేదని గ్రహించి బ్రౌన్ రెండో సగంలో ఆటను నెమ్మదింపజేశాడు. డానీ మానింగ్ 31 పాయింట్లు, 18 రీబౌండ్లతో 83-79తో గట్టెక్కించాడు. సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. బ్రౌన్ వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళను చేర్చుకోవడంలో నియమాలు తప్పారని మరుసటి ఏడాది టోర్నమెంటు నుంచి జట్టును నిషేధించారు. టైటిల్ నిలబెట్టుకునే అవకాశమే లేకుండా పోయిన మొదటి చాంపియన్ కాన్సస్.

విలియమ్స్ 15 ఏళ్ళలో 418 గెలిచి, 101 ఓడాడు. టైటిల్ ఒక్కటీ రాలేదు. 2003 ఫైనల్లో సిరక్యూస్ మీద 30 ఫ్రీత్రోల్లో 12 మాత్రమే వేసి మూడు పాయింట్లతో ఓడారు. ఆ వెంటనే ఆయన నార్త్ కరోలినాకు వెళ్ళిపోయాడు. ఉండిపోతానని 2000లో అందరి ముందూ చెప్పిన మనిషి కాబట్టి ఊరు గాయపడింది. గురువు స్మిత్ పిలిస్తే శిష్యుడు వెళ్ళడంలో ధర్మం ఉంది, వదిలేసినవాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది. 2008 సెమీఫైనల్లో కాన్సస్ ఆయన జట్టునే 84-66తో ఓడించింది. ఫైనల్‌కు ఆయన చొక్కా మీద జేహాక్ స్టిక్కర్ అంటించుకుని వచ్చి గ్యాలరీలో కూర్చున్నాడు. ఆ రాత్రి మెంఫిస్ మీద రెండు నిమిషాల చిల్లర మిగిలుండగా తొమ్మిది పాయింట్లు వెనకబడిన కాన్సస్, 2.1 సెకన్లుండగా మారియో చామర్స్ వేసిన మూడు పాయింట్ల షాట్‌తో స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 75-68తో గెలిచింది. 2022లో ఇదే నార్త్ కరోలినా మీద ఒక దశలో 16 పాయింట్లు వెనకబడి, 72-69తో గెలిచింది. ఫైనళ్ళ చరిత్రలో అంత వెనక నుంచి వచ్చి గెలిచిన జట్టు ఇంకోటి లేదు.

సెల్ఫ్ కాలంలో వరుసగా 14 ఏళ్ళు తమ లీగ్‌లో మొదటి స్థానం దక్కింది. అదే కాలంలో మచ్చ కూడా పడింది. ఒక షూ కంపెనీ మనుషులు ఆటగాళ్ళ కుటుంబాలకు డబ్బులిచ్చిన వ్యవహారం కోర్టు దాకా వెళ్ళింది. చివరికి 2023 అక్టోబరులో, 2017-18 సీజన్ గెలుపుల్లో 15 రద్దయ్యాయి, ఆఖరి నాలుగులోకి చేరిన ఘనతతో సహా. ఆట మీద సొమ్ము చేసుకోని నైస్మిత్ చేత్తో దిద్దిన 13 నియమాల కాగితాలు 2010 వేలంలో 43 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. కొన్న పూర్వ విద్యార్థి వాటిని యూనివర్సిటీకే చేర్చాడు. ఫీల్డ్‌హౌస్ పక్కనే కట్టిన భవనంలో అవి ఉన్నాయి.

తెలుగువాళ్ళకు ఆ ప్రాంతం పేరు ఒక దుఃఖంతో ముడిపడి ఉంది. 2017 ఫిబ్రవరి 22 రాత్రి, లారెన్స్‌కు గంటలోపు దూరంలోని ఒలేతాలో, ఒక బార్‌లో జనం టీవీలో కాన్సస్ మ్యాచ్ చూస్తున్నారు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరు ఒకరిని, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆయన స్నేహితుడు, ఆయనా మనవాడే, గాయపడ్డాడు. మ్యాచ్ చూడటానికి వచ్చిన ఒక అమెరికన్ యువకుడు హంతకుడిని పట్టుకోబోయి తానూ తూటా తిన్నాడు. ఆ ఊళ్ళలో జట్టు ఆడే రాత్రి అంటే ఎవరైనా వచ్చి కూర్చోగలిగే పండుగ. ఎవరైనా అనే మాట అక్కడ ఎంత కష్టపడి సంపాదించుకున్నదో, ఎంత సులువుగా లాక్కోగలరో మెక్‌లెండన్ కథ తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది.

చాంబర్లిన్ 1998 జనవరిలో లారెన్స్‌కు తిరిగి వచ్చాడు. పాత కాలేజీ కోటు వేసుకుని కోర్టు మధ్య నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా ఈ యూనివర్సిటీని నిరాశపరిచానన్న భారం మోస్తున్నానని చెప్పాడు. జనం లేచి నిలబడి చప్పట్లు ఆపలేదు. మరుసటి ఏడాది, 1999 అక్టోబరు 12న, ఆయన చనిపోయాడు. దానికి నాలుగు రోజుల ముందు, అక్టోబరు 8న, మెక్‌లెండన్ కన్నుమూశాడు. ఫీల్డ్‌హౌస్‌లో పైన 13వ నంబరు జెర్సీ చాంబర్లిన్ పేరుతో ఉంది. మెక్‌లెండన్ ఇక్కడ ఆడలేదు కాబట్టి ఆయనకు నంబరు లేదు.